ఆడపిల్ల వాటా దగ్గర ఎవరు ఏ వైపు?

2009లో మా మేనత్త ఒక కాగితం మీద సంతకం పెట్టడానికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వచ్చింది. నాకక్కడ పనేమీ లేదు, ఆవిడ చేతిసంచి పట్టుకోవడానికి వెళ్లానంతే. తాతయ్య పోయి అప్పటికి ఏడాది. డాక్యుమెంట్ రైటర్ బల్ల మీద కాగితాలు పరిచి, "నా ఇష్టపూర్వకంగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా సోదరుల పేరిట నా హక్కును విడుదల చేయుచున్నాను" అని గబగబా చదివేశాడు. అత్త తలూపుతూనే ఉంది గానీ చూపు మాత్రం నాన్న ముఖం మీదే ఉంది. వేలిముద్ర సిరా చీర కొంగుకి అంటుకుంది. ఇంటికొచ్చాక అమ్మ ఆ మరక మీద నిమ్మచెక్క రుద్దుతుంటే అత్త మెల్లగా అంది: "నేను వాటా అని కూర్చుంటే రేపు మా అమ్మాయి పెళ్లికి బుట్ట పట్టుకోవాల్సింది అన్నయ్యే కదా వదినా."

పెళ్లికూతుర్ని బుట్టలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చేది మేనమామ. ఆ ఒక్క క్షణం కోసం అత్త మూడెకరాలు వదులుకుంది. ఎన్నేళ్లయినా ఆ మాట నన్ను వదల్లేదు. సంప్రదాయవాదులు, అభ్యుదయవాదులు అని జనాన్ని రెండు జట్లుగా విడదీసి ఎవరైనా మాట్లాడటం మొదలుపెడితే నాకు వెంటనే అత్త గుర్తొస్తుంది, ఈవిడ ఏ జట్టు అని. కూతుర్ని పట్టుబట్టి ఇంజినీరింగ్ చదివించింది, కట్నం అడిగిన మొదటి సంబంధాన్ని తనే వెనక్కి పంపింది, తన హక్కు కాగితం మీద మాత్రం నోరెత్తకుండా సంతకం పెట్టేసింది.

మూడెకరాలు అన్నాను కదా, ఆ లెక్క కాస్త వివరంగా చెప్పుకోవాలి, ఎందుకంటే ఈ విషయం మీద గంటలకొద్దీ వాదించేవాళ్లలో చాలామందికి చట్టం ఏం చెప్తుందో తెలియదు. తాతయ్యకి పిత్రార్జితంగా వచ్చింది తొమ్మిదెకరాలు. నానమ్మ అప్పటికే లేదు, పిల్లలు ముగ్గురు, నాన్న, బాబాయి, అత్త. 1956 నాటి హిందూ వారసత్వ చట్టం పాత పద్ధతిలో అయితే ఉమ్మడి ఆస్తిలో పుట్టుకతో హక్కు మగవాళ్లకే. అంటే ముందు తాతయ్య, నాన్న, బాబాయి తలా మూడెకరాలు పంచుకున్నట్టు లెక్కేస్తారు, ఆ తర్వాత తాతయ్య వాటాగా మిగిలిన మూడెకరాలను ముగ్గురు పిల్లలకూ సమానంగా పంచుతారు. నాన్నకి నాలుగు, బాబాయికి నాలుగు, అత్తకి ఒకటి. ఆడపిల్లకీ ఇచ్చాం అని చెప్పుకోవచ్చు, పేరుకి సమానం అనే మాట కూడా అందులో ఉంది, చేతికొచ్చేది మాత్రం తొమ్మిదో వంతు. దాని మీద ఇంకో మెలిక, అదే చట్టంలో 23వ సెక్షన్ ప్రకారం కుటుంబం ఉంటున్న ఇంటిని పంచమని కూతురు అడగడానికి వీల్లేదు, అన్నదమ్ములు పంచుకుంటేనే ఆమెకీ వాటా.

ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో ఈ చట్టాన్ని రాష్ట్రం వరకు సవరించింది. 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా కూతురికి కూడా కొడుకులాగే పుట్టుకతో హక్కు ఇచ్చింది. ఆ తర్వాత తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో అదే దారి పట్టాయి, కేరళ అయితే అంతకుముందే 1975లో ఉమ్మడి కుటుంబ పద్ధతినే చట్టంలోంచి తీసేసింది. మన రాష్ట్ర చట్టంలో ఒక షరతు ఉంది, ఆ తేదీకి ముందే పెళ్లయిపోయిన కూతుళ్లకు ఇది వర్తించదు. అత్త పెళ్లి 1982లో. మూడేళ్ల తేడాతో ఆవిడ బయటే ఉండిపోయింది. మళ్లీ 2005లో కేంద్ర చట్టం మారి, సెప్టెంబరు 9 నుంచి పెళ్లయినా కాకపోయినా కూతురూ కొడుకూ ఒకటే అన్నాక, 23వ సెక్షన్ కూడా పోయాక, అత్త లోపలికి వచ్చింది. ఇప్పుడు లెక్క నలుగురి మధ్య, తలా రెండుంబావు ఎకరం, తాతయ్య రెండుంబావులోంచి మళ్లీ తలా ముప్పావు. ముగ్గురికీ మూడేసి ఎకరాలు. 2020 ఆగస్టులో వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు ఇంకో సందేహం కూడా తీర్చింది, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలన్న నియమం లేదని, హక్కు పుట్టుకతో వచ్చిందేనని.

ఇంత స్పష్టంగా ఉన్న హక్కుని ఎంతోమంది ఆడవాళ్లు ఇప్పటికీ సంతకం పెట్టి వదిలేస్తున్నారు. వాళ్లకి చైతన్యం లేదని ఒకళ్లు, చూశారా మన ఆడపిల్లలకి ఆస్తికన్నా బంధాలే ముఖ్యమని ఇంకొకళ్లు అంటారు. రెండు మాటలూ అత్తని అడగకుండా అన్నవే.

నాకు అర్థమైనంతవరకు, ఇలాంటి ప్రతి గొడవలోనూ వేర్వేరు ప్రశ్నలు ముడిపడిపోయి ఉంటాయి. ఫలానా పని న్యాయమా కాదా అనేది ఒకటి. దాన్ని ఎవరు నిర్ణయించాలి, కుటుంబమా, మతమా, ప్రభుత్వమా, కోర్టా అనేది ఇంకొకటి. ఎంత తొందరగా అనేది మరొకటి. మార్పుకయ్యే ఖర్చు ఎవరి మీద పడుతుంది అనేది అన్నింటికన్నా ముఖ్యమైనది, అందరూ దాటేసేది కూడా అదే. ఒకళ్లు మొదటి ప్రశ్నకి జవాబు చెప్తుంటే అవతలివాళ్లు రెండో ప్రశ్న గురించి అరుస్తుంటారు, అందుకే వాదన ఎంతకీ తెగదు.

1891 నాటి సమ్మతి వయసు బిల్లు సంగతి చూడండి. కలకత్తాలో ఫూల్‌మణి దాసి అనే చిన్నపిల్ల, పదేళ్లు దాటాయి అంతే, ముప్పై దాటిన భర్త చేసిన బలాత్కారంతో చనిపోయింది. అప్పటి చట్టంలో సమ్మతి వయసు పదేళ్లు, పిల్ల ఆ గీత దాటింది కాబట్టి అత్యాచారం కేసు నిలవలేదు, భర్తకి ఏడాది శిక్షతో సరిపోయింది. ఆ వయసుని పన్నెండుకి పెంచుదామని ప్రభుత్వం బిల్లు తెస్తే దేశంలో పెద్ద దుమారం. వ్యతిరేకించిన వాళ్లలో ముందు వరసలో ఉన్నది తిలక్. ఇక్కడిదాకా విని ఆయన బాల్య వివాహాలను సమర్థించాడు అనేసుకుంటాం. కానీ అంతకు కొన్ని నెలల ముందే, సంస్కర్తలమని చెప్పుకునేవాళ్లు అమ్మాయిలకు పదహారు, అబ్బాయిలకు ఇరవై నిండేదాకా పెళ్లి చేయబోమని తమంతట తామే కట్టుబడాలని ఆయనే ప్రతిపాదించాడు, బిల్లులో ఉన్నదానికన్నా నాలుగేళ్లు ఎక్కువ! ఆయన అభ్యంతరం రెండో ప్రశ్న దగ్గర ఉంది. మన ఇంటి సంగతి పరాయి ప్రభుత్వం చేతిలో పెట్టకూడదు, జనం మారాక ఆచారం దానంతటదే మారుతుంది అని.

ఆ వాదనని నేను తేలిగ్గా తీసిపారేయలేను. పైనుంచి రుద్దిన చట్టం జనంలో దిగదనేది మనం చూస్తూనే ఉన్నాం, కట్నం నిషేధ చట్టం 1961 నుంచీ ఉంది. అయినా తిలక్ వాదనలో ఒక పెద్ద లోటు ఉంది. జనం మారేదాకా ఆగుదాం అన్నప్పుడు ఆ ఆగే కాలమంతా ఎవరి ఒంటి మీద గడుస్తుంది? ఫూల్‌మణి లాంటి పిల్లల ఒంటి మీద. ఓపిక పట్టమని చెప్పేవాళ్లూ ఓపిక పట్టాల్సినవాళ్లూ ఒకళ్లే అయితే ఆ మాటకి విలువ ఉంటుంది. ఇక్కడ ఒకళ్లు కారు, అందుకే ఈ విషయంలో నేను బిల్లు వైపే.

హిందూ కోడ్ బిల్లు దగ్గరా ఇదే కథ ఇంకో రూపంలో నడిచింది. కూతురికి వాటా, విడాకుల హక్కు, ఏకపత్నీ నియమం అన్నీ కలిపి అంబేడ్కర్ తెచ్చిన ఆ బిల్లు సాగదీతల్లో చిక్కుకుపోయి, 1951 సెప్టెంబరులో ఆయన మంత్రి పదవికి రాజీనామా చేశాడు. అభ్యంతరాలు ఒక్క రకంవి కావు. పొలాలు ముక్కలైపోతాయన్నారు, అన్నాచెల్లెళ్లు కోర్టుకెక్కుతారన్నారు. రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ అయితే, సార్వత్రిక ఎన్నికలే జరగని తాత్కాలిక పార్లమెంటుకి ఇంత పెద్ద మార్పు చేసే అధికారం జనం ఎప్పుడిచ్చారు అన్నాడు. హిందువులకే ఎందుకు, అందరికీ ఒకటే చట్టం తెండి అని ఇంకొందరు. తర్వాత నెహ్రూ ఎన్నికల్లో గెలిచి వచ్చి దాన్ని ముక్కలు చేసి 1955, 56లో నాలుగు చట్టాలుగా గట్టెక్కించాడు. ఆ గట్టెక్కించడంలోనే కొడుకులకు పుట్టుకతో హక్కు అలాగే ఉండిపోయింది, అత్త లెక్కలో ఒక్క ఎకరం తేలింది అందుకే. రాజీ కుదిరింది అని చరిత్ర పుస్తకాల్లో చదువుతాం. ఆ రాజీ ఖరీదు కూతుళ్లు 49 ఏళ్లు కట్టారు.

ఇక సంప్రదాయం అంటే ఏది అనే ప్రశ్న. ఇది నాకు చాలా ఇష్టమైన చిక్కు. విధవా వివాహం కోసం ఈశ్వరచంద్ర విద్యాసాగర్ చేసిన వాదనలో ముందుకొచ్చింది పరాశర స్మృతి. శాస్త్రమే ఒప్పుకుంటోంది, మీరే మర్చిపోయారు అన్నాడు. 1856లో చట్టం వచ్చింది. పాతికేళ్లకి, 1881 డిసెంబరు 11న, రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం గౌరమ్మకీ గోగులపాటి శ్రీరాములుకీ పెళ్లి చేశాడు, వెలివేతలనూ బెదిరింపులనూ ఎదుర్కొని, కాకినాడ పైడా రామకృష్ణయ్య ఇచ్చిన డబ్బు అండతో. అయితే ఆ 1856 చట్టంలోనే రెండో సెక్షన్ ఒకటుంది, మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీ మొదటి భర్త ఆస్తి మీద హక్కు కోల్పోతుంది. మారుమనువు ఆచారంగా ఉన్న కులాలు మన దగ్గర ఎన్నో ఉన్నాయి, ఆ ఇళ్లలో చాలాచోట్ల అంతవరకు లేని ఇబ్బంది ఈ చట్టం పేరుతో వచ్చి పడింది. ఈ చట్టం అవసరమే లేని ఆడవాళ్ల మీద దాని షరతు పడింది, కోర్టులు ఆ విషయం మీద ఏళ్ల తరబడి తలో మాట చెప్పాయి.

అదే వీరేశలింగం, ఆడవాళ్ల చదువు కోసం అంత చేసినాయన, 18వ శతాబ్దంలో తంజావూరు ఆస్థానంలో ఉన్న ముద్దుపళని రాసిన శృంగార కావ్యాన్ని మాత్రం సహించలేకపోయాడు, ఒక ఆడది రాయదగిన రాతేనా ఇది అన్న ధోరణిలో విమర్శించాడు. దాన్ని వెతికి పట్టుకుని 1910లో పూర్తి పాఠంతో అచ్చు వేయించింది బెంగళూరు నాగరత్నమ్మ, దేవదాసి కుటుంబంలో పుట్టిన విద్వాంసురాలు. మగవాళ్లు రాస్తే లేని సిగ్గు ఆడది రాస్తేనే ఎందుకు అని ఆవిడ నిలదీసింది. ప్రభుత్వం అశ్లీలమని పుస్తకాన్ని నిషేధించింది, ఆ నిషేధం తొలగడానికి దశాబ్దాలు పట్టింది. ఇప్పుడు చెప్పండి, ఇందులో అభ్యుదయం ఎవరిది, సంప్రదాయం ఎవరిది?

అక్కడితో ఆగలేదు. 1927లో ముత్తులక్ష్మి రెడ్డి మద్రాసు శాసనమండలిలో దేవదాసి వ్యవస్థ రద్దు కోసం తీర్మానం పెట్టినప్పుడు, వ్యతిరేకించినవాళ్లు మతపెద్దలు మాత్రమే కాదు, దేవదాసి స్త్రీల సంఘాలు కూడా అర్జీలు పెట్టుకున్నాయి. ముత్తులక్ష్మి తల్లి ఆ కుటుంబాల నుంచి వచ్చినావిడే, చిన్నపిల్లల్ని గుడికి అర్పించడం వెనక ఏం జరుగుతుందో ఆమెకి దగ్గరగా తెలుసు, ఆ ఆవేదనలో అణువంత అబద్ధం లేదు. అటువైపు స్త్రీలు చెప్పిందాంట్లోనూ నిజం ఉంది: మాకు మాన్యాలున్నాయి, మా ఆస్తి మా కూతుళ్లకి వస్తుంది, మేం ఆడపిల్లను దత్తత తీసుకోవచ్చు, సంగీతం, నాట్యం, చదువు మా చేతిలో ఉన్నాయి. గృహిణి అనే గౌరవం ఉన్న స్త్రీలలో చాలామందికి ఆ రోజుల్లో అంత ఆస్తి హక్కు లేదు. 1947లో చట్టం వచ్చి అర్పణని నిషేధించింది, ఆ నిషేధం ముమ్మాటికీ మంచిదే. కానీ ఆ స్త్రీల బతుకుతెరువు ఏమిటనే ప్రశ్నకి సంస్కర్తల దగ్గర పెళ్లి తప్ప పెద్ద జవాబు లేకపోయింది. గోదావరి జిల్లాల్లో కళావంతులనే దేవదాసి కుటుంబాల ఇళ్లలో వాళ్ల విద్య వాళ్లతోనే సన్నగిల్లింది, అదే విద్య తర్వాత వేరే ఇళ్ల పిల్లలు గౌరవంగా సభల్లో ప్రదర్శించారు. మార్పు మంచిదే అయినా దాని బిల్లు ఎవరికి వెళ్లిందో చూడాలి అనేది ఇందుకే.

ఈ రోజుల గొడవల్లోనూ జట్లు ఇలాగే కలగాపులగం అవుతున్నాయి. అమ్మాయిల పెళ్లి వయసు 18 నుంచి 21కి పెంచుతామని 2021 డిసెంబరులో లోక్‌సభలో బిల్లు పెట్టారు. చూడ్డానికి పచ్చి అభ్యుదయం. దాన్ని ప్రశ్నించినవాళ్లలో మహిళా సంఘాలు, బాలల హక్కుల కోసం పనిచేసేవాళ్లు చాలామంది ఉన్నారు. పందొమ్మిదేళ్ల అమ్మాయి ఇష్టపడిన అబ్బాయితో వెళ్లిపోతే తల్లిదండ్రులు పోలీసు కేసు పెట్టడానికి ఈ చట్టమే ఆయుధం అవుతుందని వాళ్ల భయం. వయసు సంఖ్య పెంచడం వేరు, ఆ అమ్మాయికి కాలేజీ, బస్సు, ఉద్యోగం అందించి పెళ్లి వాయిదా పడేలా చేయడం వేరు. ఆ బిల్లు 2024లో ఆ లోక్‌సభతోపాటే మురిగిపోయింది.

ఉత్తరాఖండ్‌లో 2025 జనవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన ఉమ్మడి పౌర స్మృతిలో సహజీవనం గురించి ఉన్న నిబంధనలు చదివితే ఏ పక్కన పెట్టాలో అర్థం కాదు. వదిలేసి పోయిన భాగస్వామి నుంచి స్త్రీ భరణం అడగొచ్చు, పిల్లలు చట్టబద్ధ సంతానమే. చాలా ముందడుగు. అదే చట్టంలో నెల లోపు రిజిస్టర్ చేయించుకోకపోతే శిక్ష, ఇద్దరిలో ఎవరికైనా 21 నిండకపోతే తల్లిదండ్రులకు కబురు. ఒక చేత్తో రక్షణ ఇచ్చి రెండో చేత్తో నిఘా పెట్టినట్టుంది, నాకైతే ఆ రెండో చేయి మీద గట్టి అభ్యంతరమే ఉంది. ఒకప్పుడు ఉమ్మడి పౌర స్మృతి కావాలని గట్టిగా అడిగింది మహిళా సంఘాలు, ఇప్పుడు వాళ్లలోనే చాలామంది వెనకాడుతున్నారు, అడిగేవాళ్ల ఉద్దేశం మారిందని.

శబరిమల తీర్పు, 2018 సెప్టెంబరు 28. అయిదుగురిలో నలుగురు జడ్జీలు అన్ని వయసుల స్త్రీలకూ ప్రవేశం ఉండాలన్నారు, కాదన్న ఒక్కరూ ఆ ధర్మాసనంలోని ఒకే ఒక్క మహిళా జడ్జి, జస్టిస్ ఇందు మల్హోత్రా. భక్తుల విశ్వాసంలో ఏది సబబో కోర్టు తూచకూడదని ఆమె అన్నది. అందుకే ఆడవాళ్లందరూ ఒక వైపు ఉంటారనే లెక్క మీద వాదన కట్టుకుంటే అది నిలబడదు.

ఇవన్నీ చూశాక కూడా నేను ఎటూ తేల్చని మనిషిని కాను. ఆడపిల్లకి సమాన వాటా ఉండాలి, అడగకముందే ఇవ్వాలి, ఇందులో నాకు రెండో మాట లేదు. కట్నం ఇచ్చాం కదా అనే జవాబు చెల్లదు, కట్నం వెళ్లేది అత్తవారి చేతికి, పొలం ఉండేది ఆమె పేరు మీద. కానీ ఇవ్వొద్దనేవాళ్లతో మాట్లాడేటప్పుడు వాళ్లు ఏ ప్రశ్న దగ్గర ఆగిపోయారో చూడటం నేర్చుకున్నాను. మా బాబాయి ఉన్నాడు. అక్కకి హక్కు లేదని ఆయన ఏనాడూ అనలేదు. ముప్పై ఏళ్లు ఆ పొలంలో నేను దిగబడ్డాను, అప్పులు నా పేరు మీద తెచ్చాను, మీ తాతయ్య మంచంలో ఉన్న రెండేళ్లూ మేమే చూసుకున్నాం, వాటి లెక్క ఎక్కడ రాశారు అంటాడు. అది నిజమైన ప్రశ్న. దానికి జవాబు ఆయన చేసిన చాకిరీకి విలువ కట్టడం, అప్పులు మినహాయించడం, చూసుకున్న ఖర్చు పంచుకోవడం. అక్క వాటా మొత్తం మింగేయడం దానికి జవాబు కాదు. ఈ రెండూ విడదీసి చెప్పినప్పుడు బాబాయి మొదటిసారి గొంతు తగ్గించాడు. ఒప్పుకున్నాడా అంటే లేదు.

అత్త భయం ఇంకా లోతైనది. చట్టం ఆవిడకి మూడెకరాలు ఇచ్చింది గానీ, మొగుడితో గొడవైతే రాత్రిపూట తలుపు కొట్టడానికి ఒక ఇల్లు ఇవ్వలేదు. పుట్టిల్లు అనేది మన ఆడవాళ్లకి ఉన్న ఒకే ఒక్క బీమా, దానికి ప్రీమియంగా వాళ్లు వాటా కడుతున్నారు. బంధాల కోసం వదులుకుంది అని మెచ్చుకునేవాళ్లు ఒక్కసారి తిప్పి చూడాలి, నాన్న, బాబాయి బంధాల కోసం ఏం వదులుకున్నారు? హక్కు తెలియక వదులుకుంది అని జాలిపడేవాళ్లు కూడా ఆవిడ వేసుకున్న లెక్క చూడాలి. ఆ రోజుకి ఆవిడకున్న దారుల్లో అది తెలివైన లెక్కే.

అత్త కూతురి పెళ్లి బాగా జరిగింది. నాన్న బుట్ట పట్టుకున్నాడు, నడుం నొప్పి ఉన్నా ఎవర్నీ సాయం పట్టనివ్వలేదు. ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు. వాళ్ల నాన్న పోయాక ఈ సంక్రాంతికి ఇంటికొచ్చి, పిత్రార్జితంలో తన వాటా తనకి రాయమని అన్నల ముందే అడిగింది. పెద్దవాడు లేచి బయటికి వెళ్లిపోయాడట. రాత్రి అత్త నాకు ఫోన్ చేసింది. మూడేళ్ల కిందట నాన్న మా తమ్ముడికీ నాకూ సమానంగా రాసిన సంగతి ఆవిడకి తెలుసు. సెక్షన్లూ తీర్పులూ ఏమీ అడగలేదు. "నీకు రాసిచ్చాక నీ తమ్ముడు రాఖీకి వచ్చాడటే?" అని అడిగింది. మొదటి ఏడాది రాలేదు, రెండో ఏడాది వచ్చాడు అత్తా, అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు, తర్వాత, "రెండో ఏడాది వచ్చాడన్నమాట" అని, ఆ డాక్యుమెంట్ రైటర్ నంబర్ మీ నాన్న దగ్గర ఇంకా ఉందేమో కనుక్కోమంది.